ఆటోనగరు చిట్టాలో ఖాళీ గడి

ఒకవైపు 1933లో నౌకలకు ద్వారము తెరచిన రేవును, మఱియొకవైపు 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమును గల విశాఖపట్టణములో, ఈ రెంటికిని రాత్రింబవళ్లు బరువులు మోయుచు, రోడ్లను అరగదీసి తామును అరిగిపోవు లారీలకు చికిత్స జరుగు తావు గాజువాకను ఆనుకొనియున్న ఆటోనగరు. ఒక షెడ్డులో లేత్ మీద ఇరుసు తిరుగుచుండును. ప్రక్క షెడ్డులో విరిగిన కమాన్ కట్టలను విప్పి పరచియుందురు. ఆవలి షెడ్డులో టింకరింగు సుత్తి దెబ్బలకు సొట్టపోయిన తలుపు తిరిగి తన రూపమును తెచ్చుకొనుచుండును. ఇంత మ్రోతలో మ్రోత లేక జరుగు పని యొకటి కలదు. ఏ బండి ఎన్నడు వచ్చినది, దానికి ఏ సామాను వేసిరి, కూలి ఎంత, బాకీ ఎంత అను లెక్కను ఎవరో యొకరు వ్రాయుచునేయుందురు. ఆ లెక్కను గూర్చియే ఈ వ్యాసము.

మన వర్తకులకు చిట్టా, ఆవర్జా అను రెండు పుస్తకములు తరతరములుగా పరిచితములు. జరిగినదానిని జరిగిన వరుసలో దినదినమును వ్రాసికొనునది చిట్టా. ఆ చిట్టాలోని పద్దులను ఏరి, ఎవరి పేర వారివి కూర్చి, మనకు రావలసినదెంతో మనము ఈయవలసినదెంతో తేల్చునది ఆవర్జా. చిట్టా తప్పినచో ఆవర్జాయు తప్పును. చిట్టా సరిగానుండియు ఆవర్జాకు ఎక్కించుటలో పొరపడినచో, తప్పు ఎచ్చట దొరలినదో వెదకుటకు దీపము పెట్టుకొని రాత్రియంతయు కూర్చుండవలసివచ్చును. నేడు విడిభాగముల దుకాణములలో ఎఱ్ఱ అట్ట పుస్తకమునకు బదులు కంప్యూటరు తెర నిలిచినను, ఆ తెర వెనుక నడచునది ఈ చిట్టా ఆవర్జాల వ్యవహారమే. దానినే రిలేషనల్ డేటాబేసు అందురు.

ఈ భావనకు జనకుడు ఎడ్గార్ కాడ్. ఇంగ్లండులో జన్మించి, రెండవ ప్రపంచయుద్ధమున వైమానికుడై పనిచేసి, పిమ్మట అమెరికాలో ఐబీఎం సంస్థయందు చేరిన ఈ గణితవేత్త, 1970 జూన్ మాసమున ప్రకటించిన యొక పరిశోధన వ్యాసములో, సమాచారము యంత్రమున ఏ మూల ఏ వరుసలో దాగియున్నదో ఎఱుగవలసిన భారము దానిని అడుగువానిపై ఉండరాదనియు, సమస్తమును అడ్డువరుసలు నిలువువరుసలు గల పట్టికలుగా భావించి, గణితములోని సమితులను వలె వానిని కలుపుచు విడదీయుచు ప్రశ్నలకు ప్రత్యుత్తరములు రాబట్టవచ్చుననియు ప్రతిపాదించెను. అంతకు పూర్వపు యంత్రము, గోదాములో ఏ అరలో ఎన్నవ డబ్బాయో త్రోవ చెప్పిననేగాని బేరింగు తెచ్చియీయని పనివాని వంటిది. కాడ్ కోరినది 'ఈ కొలత బేరింగు కావలెను' అన్నంతనే తెచ్చియిచ్చు పనివానిని. 1974లో అదే సంస్థకు చెందిన డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బోయిస్ అనువారు ఇట్టి ప్రశ్నలు వేయుటకై యొక భాషను కల్పించిరి. నేటి ఎస్‌క్యూఎల్ దానినుండి పుట్టినదే. 1986లో దానికి అమెరికా ప్రమాణసంస్థ ఆమోదముద్ర లభించినను, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్ అను ఒక్కొక్క ఉత్పత్తియు ఆ భాషను తన యాసలోనే పలుకును. శ్రీకాకుళపు తెలుగును నెల్లూరి తెలుగును ఒకటే యయ్యును ఒకటి కానట్లు. ఇక ముందు చెప్పబోవు తప్పులలో కొన్నింటికి ఈ యాసల భేదమే మూలము.

ఈ భాషలో ముందుగనే చేసిపెట్టిన పనిముట్లు కొన్ని గలవు. వానిని అంతర్నిర్మిత ఫంక్షనులందురు. షెడ్డు గోడకు వరుసగా వ్రేలాడు స్పానర్ల వలె, ఒక్కొక్కటి ఒక్క కొలతకు మాత్రమే పట్టును: సమ్ కూడును, కౌంట్ లెక్కించును, రౌండ్ సవరించును, ట్రిమ్ అంచులలోని ఖాళీలను కత్తిరించును. పోలికకై ఆటోనగరులో ఒక మరమ్మతు షెడ్డును ఊహింతము. దాని చిట్టాలో బండి సంఖ్య, వచ్చిన తేదీ, చేసిన పని, ఖర్చు, షెడ్డు విడిచిన తేదీ అను నిలువువరుసలున్నవి. విశాఖ జిల్లా బండ్లపై ఏపీ 31 అను గుర్తు చిరకాలము నిలిచి, 2019 నుండి క్రొత్త బండ్లకు రాష్ట్రమంతటను ఏపీ 39 వచ్చినది. గుమాస్తా ఒకనాడు అక్షరములను అంకెలను కలిపి వ్రాయును. మఱునాడు నడుమ ఖాళీ విడుచును. వేరొకనాడు అడ్డుగీత పెట్టును. ఇంకొకనాడు ఆంగ్లపు చిన్నబడి అక్షరములతో కొట్టును. మనుష్యుని కంటికి నాలుగును ఒకే లారీ. ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ వంటి యంత్రమునకు నాలుగును నాలుగు లారీలు. ఒక్కొక్కసారి వేర్వేఱు రూపములతో వ్రాయబడిన ఒకే బండి ఆవర్జాలో నాలుగు ఖాతాలై నిలుచును. యజమాని మొదటి ఖాతా మాత్రము చూచి బాకీ స్వల్పమేయని సమాధానపడును.

దీనికి చికిత్స సులభము. అప్పర్ అను ఫంక్షనుతో అక్షరములన్నిటిని పెద్దబడికి మార్చి, రీప్లేస్‌తో ఖాళీలను అడ్డుగీతలను తొలగించినచో నాలుగు రూపములును ఒకటియగును. ఇచ్చట క్రొత్తవారు ట్రిమ్ నాశ్రయించి భంగపడుదురు. అది రెండు కొసలయందలి ఖాళీలనే తీయునుగాని నడుమనున్నదానిని ముట్టదు. వేరొక పత్రమునుండి ఎత్తి అతికించిన పంక్తిలో, చూచుటకు ఖాళీ వలెనే యుండి వేరొక సంకేతసంఖ్య గల ఖాళీ దాగియుండుటయు కలదు. అది ట్రిమ్‌నకును లొంగదు. అయితే అడిగిన ప్రతిసారియు ఇట్లు కడిగి చూచుటకన్న, చిట్టాలోనికి వచ్చునపుడే ఒకసారి కడిగి చేర్చుట మేలని నా అభిప్రాయము. ఏలయన, వెదకునపుడు వరుసపై ఫంక్షనును కప్పినచో, త్వరగా వెదకుటకై ఆ వరుసకు కట్టిన సూచిక (ఇండెక్స్) సాధారణముగా పనికి రాక, లక్ష పద్దులనైనను యంత్రము మొదటినుండి చివరి వరకు చదువవలసివచ్చును.

తెలుగున వ్రాయువారికి మాత్రమే ఎదురగు చిక్కు ఒకటి యున్నది; దానిని గూర్చి ఆంగ్లపు పాఠ్యపుస్తకములు మాటలాడవు గనుక ఇచ్చట కొంత నిలువవలెను. 'గాజువాక' అను పేరులో ఎన్ని అక్షరములున్నవి? బడిపిల్లవాడు నాలుగనును. యూనికోడు లెక్కలో గుణింతపు గుర్తులు వేరు సంకేతములగుటచే అవి ఏడు: గ, దీర్ఘము, జ, కొమ్ము, వ, దీర్ఘము, క. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతమునకును మూడు బైట్లు కావలెను గనుక అవి ఇరువదియొకటి. మైఎస్‌క్యూఎల్‌లో లెంగ్త్ అను ఫంక్షనును అడిగినచో 21 అని చెప్పును. క్యారెక్టర్ లెంగ్త్ నడిగినచో 7 అనును. బడిపిల్లవాడు చెప్పిన 4ను ఏ ఫంక్షనును చెప్పదు. ఒరాకిల్‌లో ఊరి పేరునకు 20 అని పరిమాణము నిర్ణయించి, దానిని అక్షరములలో అని స్పష్టము చేయనిచో, అది బైట్లనియే గ్రహించి, 'గాజువాక' వంటి చిన్న పేరును సైతము 'విలువ మిక్కిలి పెద్దది. ఉన్నది 21, పట్టునది 20' అని త్రిప్పిపంపును. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉద్ధరణ చిహ్నమునకు ముందు 'ఎన్' అను ఒక్క అక్షరమును మఱచినచో, తెలుగు పేరు మాయమై దాని స్థానమున ప్రశ్నార్థకముల వరుస వెలయును. ఆ ప్రశ్నార్థకములను మరల తెలుగుగా మార్చు ఫంక్షను లేదు. అచ్చట నిజముగా ప్రశ్నార్థకములే దాచబడినవి. తన ఊరి పేరు తన లిపిలో వ్రాసికొనదలచినవాడు మొదటి పద్దుకు ముందే ఈ ఏర్పాటులను చూచుకొనవలెను.

ఇక యంత్రము నోరు తెరచి చెప్పు తప్పుల సంగతి. వీనిని చూచి బెదరువారు పెక్కుమంది. నాకు మాత్రము ఇవియే మిత్రుల వలె తోచును. మైఎస్‌క్యూఎల్‌లో సమ్ అను మాటకును దాని ప్రక్క బ్రాకెట్టునకును నడుమ ఒక్క ఖాళీ విడిచినంతనే, 'సమ్ అను ఫంక్షను ఈ డేటాబేసులో లేదు' అని పలుకును. ఉన్నదానిని లేదనుచున్నదేమని విస్తుపోవుదుము. ఆ ఖాళీ వలన అది అంతర్నిర్మితమైన సమ్‌ను గాక, మనమే వ్రాసియుంచిన వేరొక సమ్ కొఱకు వెదకినది. ఖాళీని తీసివేయుటతో తగవు తీరును.

ఇంతకన్న లోతైన తప్పు వరుసకు సంబంధించినది. ఏప్రిల్ తరువాత యాబదివేలకు మించి ఖర్చయిన బండ్లను చూడగోరి, 'ఎక్కడ' అని అర్థమిచ్చు వేర్ అను మాట వెనుక సమ్ నుంచినచో, మొత్తములు తేల్చు ఫంక్షనులు అచ్చట చెల్లవని పోస్ట్‌గ్రెస్ నిష్కర్షగా చెప్పును. పెక్కుమంది ఈ నియమమును కంఠస్థము చేయుదురేగాని కారణమును విచారింపరు. కారణము తెలుగువానికి తేటగా తెలియవలసినదే. ఎస్‌క్యూఎల్ ఆంగ్లపు పోకడను అనుసరించి 'ఎంచుము' అను క్రియను మొట్టమొదట వ్రాయించును. కాని యంత్రము ఆ ప్రశ్నకు అర్థము చెప్పుకొను వరుస వేఱు. మన భాషలో ఆ కోరికను ఇట్లు చెప్పుదుము: పనుల పట్టికనుండి, ఏప్రిల్ తరువాతి పనులను ఏరి, బండివారీగా కూర్చి, మొత్తము 50,000 దాటినవానిని నిలిపి, బండి సంఖ్యను మొత్తమును చూపుము. ఫ్రమ్, వేర్, గ్రూప్ బై, హావింగ్, తుదకు సెలెక్ట్. డేటాబేసు తర్కమున నడచు క్రమము అక్షరాలా ఇదియే. క్రియ చివరకు వచ్చు మన వాక్యము ఆ యంత్రపు ఆలోచనకు ఆంగ్లవాక్యముకన్న సన్నిహితము. ఇట్లు చదివికొన్నచో తప్పునకు కారణము చేతికి చిక్కును: ఏరునాటికి ఇంకను కూర్చుట జరుగలేదు, కూర్చనిదే మొత్తము లేదు, లేని మొత్తమును అడిగి ప్రయోజనము లేదు. కూర్చిన పిమ్మట వచ్చు హావింగ్ అను చోట అడిగినచో యంత్రము మాఱుమాటలేక ఒప్పుకొనును. చివర ఎంచునపుడు పెట్టిన ముద్దుపేరును ముందున్న వేర్‌లో వాడబోగా 'అట్టి వరుస లేదు' అని వచ్చు తప్పునకును ఇదియే సమాధానము.

చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించుటలో మఱియొక తప్పు కలదు. బండివారీగా ఖర్చులను కూడి, ప్రక్కన డ్రైవరు పేరు కూడ చూపుమని అడుగుదుము. ఒకే లారీని మూడు పర్యాయములు ముగ్గురు డ్రైవర్లు తెచ్చియుందురు. మూడు పద్దులు ఒక్క పంక్తియైనపుడు ఎవరి పేరు చూపవలెను? ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ ఇట్టి ప్రశ్నను నిరాకరించును. మైఎస్‌క్యూఎల్ మాత్రము చిరకాలము ముగ్గురిలో ఎవరో యొకరి పేరును చూపి ఊరకుండెడిది. 2015లో స్థిరపడిన 5.7 సంచికనుండియే అదియు తనంత తాను ఇట్టి ప్రశ్నలను త్రోసిపుచ్చుట నేర్చినది. అప్పుడు నిన్నటివరకు నడచిన ప్రశ్నలు నేడు చెడినవని వాపోయినవారు కలరు. నిజమునకు అవి నిన్నటివరకును చెడియేయుండెను. నేడు ఆ చెడుగు కంటబడినది.

తేదీల విషయమున ఈ మౌనము ఇంకను అపాయకరము. మనము రోజును ముందు వ్రాసి నెలను పిమ్మట వ్రాయుదుము. అమెరికావారు నెలను ముందు వ్రాయుదురు. అమెరికా ఏర్పాటుతో నడచు డేటాబేసునకు మన గుమాస్తా 05/04/2024 అని ఇచ్చినచో అది ఏప్రిల్ ఐదును మే నాలుగుగా గ్రహించి, ఏమియు అనక దాచుకొనును. పండ్రెండవ తేదీ వరకును ఇట్లే సాగును. పదుమూడవనాడు, పదుమూడవ నెల లేదు గనుక, మొదటిసారి తప్పు చూపును. అందఱును ఆ ఒక్క పద్దును దిద్ది తృప్తిచెందుదురు. అంతకు ముందటి పండ్రెండు దినములలో రోజును నెలయు ఒకే అంకె కాని పద్దులన్నియు తలక్రిందులై నిలిచియేయుండును. సంవత్సరము, నెల, రోజు అను క్రమమున వ్రాయుట, లేదా మైఎస్‌క్యూఎల్‌లో ఎస్‌టీఆర్ టు డేట్, పోస్ట్‌గ్రెస్‌లో టు డేట్ అను ఫంక్షనులతో 'ఇది రోజు, ఇది నెల' అని విప్పి చెప్పుట యొక్కటే మార్గము.

పైసలలోనికి వత్తము. 2017 జూలై 1న వచ్చిన జీఎస్టీలో, రాష్ట్రములోపలి అమ్మకముపై పదునెనిమిది శాతపు పన్ను కేంద్రమునకు తొమ్మిది, రాష్ట్రమునకు తొమ్మిదియై చీలును. క్లచ్ ప్లేటు వెల 1,235.50 రూపాయలనుకొందము. తొమ్మిది శాతము 111.195, రౌండ్ చేసిన 111.20, రెండు మార్లు వేసిన 222.40. ఒక్కమారుగా పదునెనిమిది శాతము వేసిన 222.39. ఒక పైస తేడా. ఫంక్షను రెండు చోట్లను సరిగానే పనిచేసినది. ఏ అడుగున సవరింపవలెనను నిర్ణయము మనది. దీనికి తోడు, డబ్బును ఫ్లోట్ అను జాతి సంఖ్యగా దాచినవారికి వేరొక తిప్పలు. మూడింట ఒకటి దశాంశములలో ఎన్నటికిని ముగియనట్లే, పదింట ఒకటి యంత్రపు ద్విసంఖ్యామానములో ముగియదు. అది దాచుకొనునది ఆ సంఖ్యకు మిక్కిలి దగ్గఱి సంఖ్యను. అందుచేత 111.195 అని మనమనుకొన్నది లోపల దానికి వెంట్రుకవాసి తక్కువై 111.19గా సవరింపబడవచ్చును. పోస్ట్‌గ్రెస్ ఇచ్చట మెలకువగలది: ఫ్లోట్ జాతి సంఖ్యను రెండు దశాంశములకు సవరింపుమన్నచో అట్టి రౌండ్ ఫంక్షనే లేదనును. దానిని, దశాంశములను ఉన్నవున్నట్లు దాచు న్యూమరిక్ జాతికి కాస్ట్ అను ఫంక్షనుతో మార్చి అడుగవలెను. అంతకన్న, డబ్బు వరుసను మొదటనే ఆ జాతిగా నిర్మింపవలెను.

ఇప్పటికి అసలు కథకు వచ్చితిమి. చిట్టాలో కొన్ని గడులు ఖాళీగానుండును. ఆ ఖాళీని డేటాబేసు నల్ అనును. అది సున్న కాదు. సున్న ఒక సంఖ్య. 'ఖర్చు సున్న' అనగా ఉచితముగా చేసితిమని స్పష్టమైన వార్త. నల్ అనగా వార్తయే లేదు. అందుచేతనే నల్‌ను దేనితో పోల్చినను, నల్‌తోనే పోల్చినను, యంత్రము ఔననదు, కాదనదు. 'తెలియదు' అను మూడవ మాట పలుకును. 'ఖర్చు ఈజ్ ఈక్వల్ టు నల్' అని వ్రాసి ఒక్క పద్దును రాలేదని విసిగినవారు ఎందఱో! 'ఈజ్ నల్' అని వ్రాయవలెను.

ఐదు లారీలు వచ్చినవి. మూడింటి ఖర్చులు నాలుగువేలు, ఆరువేలు, ఎనిమిదివేలు. రెండింటికి బిల్లు ఇంకను వేయలేదు. సగటు నడిగినచో ఏవీజీ అను ఫంక్షను ఆ రెంటిని విడిచి, మూడింటితో భాగించి ఆరువేలని చెప్పును. మొత్తమును పద్దుల సంఖ్యతో మనమే భాగించినచో మూడువేల ఆరువందలు వచ్చును. కౌంట్‌నకు నక్షత్రపు గుర్తు నిచ్చిన ఐదనును. ఖర్చు వరుస పేరు నిచ్చిన మూడనును. ఖాళీకి బదులు సున్న వేయు కోయలెస్ అను ఫంక్షనును చూచి, అన్నిటికిని అదే పరమౌషధమని చల్లువారిని చూచి నాకు బాధ కలుగును. బిల్లు వేయని లారీకి సున్న ఖర్చు వ్రాయుట అబద్ధమాడుటయే. కాడ్ మహాశయుడే 1990లో ప్రకటించిన గ్రంథమున ఈ ఖాళీలు రెండు తెఱగులని విడమరచెను: ఉండవలసియు మనకు తెలియనిది ఒకటి, అసలు ఉండుటకే వీలులేనిది మఱియొకటి. బిల్లు పడని మరమ్మతు మొదటిది. గాలి మాత్రము పట్టించుకొని పోయిన బండికి 'వేసిన బేరింగు సంఖ్య' అను గడి రెండవది. నేటి ఉత్పత్తులు ఈ రెంటికిని ఒక్క నల్‌నే వాడుచున్నవి. కాడ్ శిష్యప్రాయుడును ఆ సిద్ధాంతమునకు గొప్ప వ్యాఖ్యాతయు నగు క్రిస్ డేట్ నల్ అనునదే ఉండరాదని చిరకాలము వాదించెను. నేను అంతదూరము పోను. కాని డేట్ ఎందులకు వాపోయెనో తెలియుటకు ఒక్క ఉదాహరణము చాలును.

షెడ్డు యజమాని బాకీదారుల జాబితా కోరును. చిట్టాలోని బండ్లలో, చెల్లింపుల పట్టికలో లేనివానిని చూపుమని, 'నాట్ ఇన్' అను మాటతో అడుగుదుము. చెల్లింపుల పట్టికలో ఎవరో తొందరలో బండి సంఖ్య వేయకయే ఒక పద్దు వ్రాసిరి. ఆ గడి నల్. అంతటితో జాబితాయంతయు ఖాళీగా వచ్చును. తప్పు సందేశము లేదు. ఏలయన, 'ఈ బండి ఆ జాబితాలో లేదా?' అని యడిగినపుడు, ఆ తెలియని ఒక్క గడి ఈ బండిదే కావచ్చును గనుక, యంత్రము ఏ బండి విషయమునను 'లేదు' అని ప్రమాణము చేయజాలదు. దాని తర్కము నిర్దుష్టము; యజమానికి అందిన వార్త మాత్రము బాకీదారులెవ్వరును లేరని. 'నాట్ ఎగ్జిస్ట్స్' అను రూపమున అడిగినచో జాబితా సరిగా వచ్చును. చెల్లింపుల పట్టికలో బండి సంఖ్య ఖాళీగా ఉండరాదని ముందే నిబంధన పెట్టినచో ఆ పద్దు పుట్టినపుడే తప్పు చూపియుండును; గుమాస్తా ఒక్క నిమిషము విసుగుకొని సంఖ్య వేసియుండును.

అట్లని అన్ని ఖాళీలకును అడ్డుకట్ట వేయరాదు. మన చిట్టాలో చివరి నిలువువరుస షెడ్డు విడిచిన తేదీ. దానిని ఖాళీగా విడువరాదని నిబంధించిన షెడ్డులలో గుమాస్తాలు వచ్చిన తేదీనే తిరిగి వ్రాయుదురు, లేదా 31/12/9999 అను తేదీని వేయుదురు. పిమ్మట ఎన్ని దినములు నిలిచినదను లెక్కలో ఆ బండి దాదాపు ఎనిమిదివేల ఏండ్లు షెడ్డులో నున్నట్లు తేలును. ఆ గడి ఖాళీగానే యుండవలెను. ఇప్పుడు ఎన్ని బండ్లున్నవని అడుగుటకు 'విడిచిన తేదీ ఈజ్ నల్' అన్న చాలును. వచ్చిన పంక్తులను బయటికి పోయి సరిచూచుకొనవచ్చును. ముందు చక్రములు విప్పి, జాకీల మీద నిలిపి, ఇరుసు లేత్ నుండి ఎప్పుడు వచ్చునాయని ఎదురుచూచుచు, డ్రైవరు దాని నీడలో తువ్వాలు పరచికొని నిద్రించు ఆ లారీ, చిట్టాలోని ఆ ఖాళీ గడియే.